నీటి మీది బొమ్మకి 38 గేజీ దారం

మొన్న సంక్రాంతికి మా బావమరిది విశాఖ నుంచి వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. మూత తీస్తే లోపల పదకొండు బొమ్మ చేపలు. ఒక్కోటి నా చూపుడువేలంత పొడుగు, నాలుగైదు గ్రాముల బరువు. పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి ముళ్ల గేలాలు. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చిన్న గోళీ గలగలమంది. "ఇవి మునగవు బావా, పైనే తేలతాయి. ఆస్ట్రేలియాలో బ్రీమ్ అనే చేపని వీటితో పడతారు, వీడియోలు చూశాను" అన్నాడు. ఎంతరా అంటే ఒక్కోటి ఆరొందల నుంచి పన్నెండొందలు. మా ఆవిడ వంటింట్లోంచే అంది, "ఆ డబ్బులకి చేపలే కొనుక్కు తినొచ్చు కదరా."

ఆ మాటకి మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. నేను ఇక్కడ వాదించబోయేది ఇంకో సంగతి. తేలే బొమ్మతో బ్రీమ్‌ని పట్టడం మన ఉప్పుటేళ్లలోనూ కుదురుతుంది. కానీ ఈ సరదా పట్టిన కుర్రాళ్లందరూ డబ్బు పెట్టాల్సిన చోట పెట్టట్లేదు. బొమ్మల మీద తగలేస్తున్నారు, దారం దగ్గర పీనాసితనం చేస్తున్నారు.

నాకేం తెలుసని అంటున్నానంటే, నాది బరంపురంలో మోటార్ వైండింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా తీగ మందం చూడటమే నా పని. ఆదివారం షట్టర్ దించేసి సోనాపూర్ వైపు పోతాను. అక్కడ బాహుదా ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటి కథ మా కథలాంటిదే. గజపతి కొండల్లో ఒడిశాలో పుడుతుంది, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలోకి వెళ్లి చుట్టపుచూపు చూసి, మళ్లీ ఒడిశాలోకి వచ్చి సముద్రంలో పడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. ఏటికి ఆ కబురు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఏటి గట్టున నాకు గురువులాంటి మామ ఒకాయన ఉన్నాడు. సొంత మామ కాదు, వరసకి అలా పిలుస్తాను. ఒడియా వాళ్లు నోలియాలు అంటారే, ఆ తెలుగు బెస్తపేటల మనిషి. వేట నిషేధం వల్ల ట్రాలర్లు, మరబోట్లు ఒడ్డున కూర్చునే ఆ 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పొద్దున్నే చేతి గేలం పట్టుకుని ఏటి లోపలికి వచ్చేస్తాడు. మిగతా రోజుల్లోనూ ఒంట్లో బాగుంటే వస్తాడు. కర్రా లేదు, రీలూ లేదు. ఒక సీసా చుట్టూ చుట్టిన దారం, ఒక గేలం, కొసన పచ్చి రొయ్య. బావమరిది డబ్బా చూపిస్తే ఒక బొమ్మని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఏట్రా బాబూ, ఈ ముక్కకి సేప పడతాదేటి?"

"ఆస్ట్రేలియాలో పడుతున్నాయంట మామా."

"ఆళ్ల సేపకి రొయ్యల్లేవా?"

ఆ తర్వాత ఆయన అడిగింది మాత్రం వేళాకోళం కాదు. "ఇది అడుగున మేసే సేప. గుల్లలు నవుల్తాది. పైకెందుకొత్తాది?"

మామ తప్పేం అనలేదు. నేను చెప్పే బ్రీమ్ ఉప్పునీటి బ్రీమ్. ఇంగ్లండులో చెరువుల్లో దొరికే బ్రీమ్ వేరు, అది మన బొచ్చె, రోహుల చుట్టం. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పసుపు రెక్కల బ్రీమ్, దక్షిణాన నల్ల బ్రీమ్ ఉంటాయి, రెండూ అకాంతోపాగ్రస్ అనే ప్రజాతివి. అదే ప్రజాతి చేపలు మన బంగాళాఖాతం ఉప్పుటేళ్లలోనూ ఉన్నాయి. బూడిద వెండి రంగు, ఎత్తైన వీపు, వీపు మీద పట్టుకుంటే చేతిలో దిగే ముళ్లు. నోరు చిన్నది, కానీ రాయిలా ఉంటుంది. వెనక దవడలో గుండ్రటి పళ్లు వరసలుగా ఉంటాయి, ఆల్చిప్పల్నీ పీత డెక్కల్నీ పిండి చేసేవి అవే. మా ఇంట్లో దీనికి ఒకటే పేరు, "పొలుసు ఊడని చేప". పొలుసు తీశాక వంటిల్లంతా కడుక్కోవాలి. మామిడికాయ వేసి పులుసు పెడితే ఆ తిట్లన్నీ మర్చిపోతారు.

ఇలాంటి పళ్లున్న చేప అడుగునే మేస్తుంది, నిజమే. కానీ ఏటి పక్క మోకాలి లోతు మేట మీదికి పోటు ఎక్కేటప్పుడు చూడండి. అక్కడ అడుగుకీ పైకీ మధ్య ఎంత ఉంటుంది? మూరెడు. ఆ మూరెడు నీళ్లలో చేప రొయ్యని తరిమితే రొయ్య ఎటు పోతుంది? అడుగున ఇసుక, పక్కన చేప. పైకే ఎగురుతుంది. చిటికెలు వేసినట్టు టప్ టప్ మని రొయ్యలు నీటి మీద గెంతుతుంటే, వాటి వెనక నీళ్లు ఉబ్బడం మామ నలభై ఏళ్లుగా చూస్తున్నాడు. ఆ గెంతే రొయ్యకి నకలే ఈ తేలే బొమ్మ. ఆస్ట్రేలియా వాళ్లు ఏటి ఎగువన కొమ్మల మీంచి రాలే కీచురాళ్లని పోలిన బొమ్మలూ వాడతారు. వాళ్ల ఎండాకాలం డిసెంబరు, జనవరి. మనం భోగిమంట వేసుకునేప్పుడు వాళ్లకి కీచురాళ్లు అరుస్తుంటాయి. మనకి రొయ్య చాలు.

అంచేత లోతైన మడుగులో మామ చెప్పిందే రైటు, మేట మీద బొమ్మ చెప్పింది రైటు. ఇంతవరకు ఆయనతో ఒప్పించగలిగాను. చేప పట్టి చూపించడం మాత్రం ఆ రోజు కాలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలూ కాలేదు.

ఎందుకు కాలేదో చెప్పాలంటే సామాను దగ్గరికి రావాలి. బావమరిది దగ్గరున్న కర్ర పండుగొప్ప అనే పెద్ద చేప కోసం తయారైంది. మన దగ్గర ఎవరిని అడిగినా అదే అంటగడతారు: "మన దగ్గర చేపలు పెద్దవి సార్, గట్టి సామాను పెట్టుకోండి." పండుగొప్పకి అది సరే. కానీ నాలుగున్నర గ్రాముల బొమ్మని ఆ కర్రతో విసరడమంటే గెడకర్రతో చింతగింజని విసిరినట్టు. కర్ర కొస వంగదు. కొస వంగకపోతే బొమ్మకి ఊపు అందదు. బాగా దగ్గర్లోనే పడేది, అక్కడ చేపకి మా ఇద్దరి నీడలూ కనిపిస్తాయి.

కర్ర మార్చాం. ఏడడుగులది, కొస మెత్తనిది, ఒకటి నుంచి మూడు కిలోల దారానికి సరిపోయేది. రీలు చిన్నది, 2000 సైజు. దూరం కొంచెం పెరిగింది, అంతే. అప్పుడు నాకు దారం మీద అనుమానం వచ్చింది.

ఈ అల్లిక దారాలని పీఈ అంటారు, పాలిథిలీన్ పోగులు. జపాన్ వాళ్ల లెక్కలో నెంబరు చెబితే మందం తెలుస్తుంది: 1 నెంబరుకి 0.165 మిల్లీమీటర్లు, 0.8కి 0.148, 0.6కి 0.128. బావమరిది ఆన్‌లైన్‌లో తెప్పించిన చుట్ట మీద 0.8 అని ముద్ర ఉంది. అంటే మా వైండింగ్ భాషలో దాదాపు 38 గేజీ. గేజీ అంటే తీగ మందం నెంబరు, నెంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం. వేళ్ల మధ్య రుద్ది చూశాను. ఇరవై రెండేళ్లు తీగలు పట్టుకున్న వేళ్లు ఇవి. ఇది 38 కాదని చెప్పేశాయి.

మైక్రోమీటరు పెడితే అల్లిక దారం నలిగిపోతుంది, కొలత తప్పు వస్తుంది. అందుకని షాపులో పాత పద్ధతి పట్టుకున్నాను. నున్నటి పెన్సిలు తీసుకుని దాని మీద దారాన్ని పక్కపక్కన, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా 50 చుట్లు చుట్టాను. నిజంగా 0.8 నెంబరైతే 50 చుట్లకి ఏడున్నర మిల్లీమీటర్ల లోపు రావాలి. పదకొండున్నర వచ్చింది. నమ్మక మళ్లీ చుట్టాను. పదకొండున్నరే. యాభైతో భాగిస్తే 0.23. అంటే ముద్ర 0.8, లోపల సరుకు 2 నెంబరు. మందం ఒకటిన్నర రెట్లకి పైనే అంటే అడ్డకోత దాదాపు రెండున్నర రెట్లు. రాగి తీగలో ఇలాంటి మోసం చేస్తే చుట్లు మోటారు గాడిలో పట్టక అక్కడికక్కడే బయటపడుతుంది. దారంలో చేస్తే బయటపడేదేమీ లేదు, చేప పడదంతే. పడకపోతే కొన్నవాడు తన చేతకానితనం అనుకుని ఇంకో బొమ్మ కొంటాడు.

ఇక్కడే నా కోపం. బొమ్మకి పన్నెండొందలు పెట్టినవాడు దారానికి రెండొందలు పెట్టి ఆదా చేశాననుకుంటాడు. నేను తిరగేసి చెబుతాను. దారానికి పన్నెండొందలు పెట్టండి, బొమ్మ ఆరొందలదైనా చాలు. సన్న దారం మార్చిన రోజు అదే కర్ర, అదే రీలు, అదే బొమ్మ, నా అడుగులతో ఇరవై ఎనిమిది అడుగులు వేసేంత దూరం పోయి పడింది. అంతకుముందు పదిహేను. దూరం ఒక్కటే అయితే ఇంత చెప్పను. లావు దారం నీటి మీద గాలికి విల్లులా వంగి బొమ్మని పక్కకి లాక్కుపోతుంది. బొమ్మ ఆగిందని నేననుకుంటాను, అది నడుస్తూనే ఉంటుంది. ఆగని బొమ్మకి బ్రీమ్ రాదు. ఆ సంగతి తర్వాత.

అల్లిక దారం కొసన రెండు మీటర్ల ఒంటిపోగు దారం కట్టాలి, దాన్ని లీడర్ అంటారు. ఎందుకంటే ఆల్చిప్ప అంచు తగిలితే అల్లిక దారం నూలులా తెగుతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. "నీళ్లలో కనపడదు" అని అందరూ ఫ్లోరోకార్బన్ కొంటారు. కాస్త తక్కువ కనపడుతుంది, నిజమే. కానీ దాని సాంద్రత 1.78. నైలాన్‌ది 1.14. ఉప్పునీటిది 1.03 లోపు. అంటే ఫ్లోరోకార్బన్ రాయిలా కిందికి దిగుతూ నాలుగు గ్రాముల బొమ్మ ముక్కుని వంచుతుంది. తేలాల్సిన బొమ్మ ముక్కు ముంచి నడిస్తే ఇక అటూ ఇటూ ఊగదు. లోతు వేటకి ఫ్లోరోకార్బన్ మంచిది. పైన తేలే బొమ్మకి మామూలు నైలాన్, మూడు కిలోలది, సగం ధరకి దొరికేది, మేలు. ఖరీదైన వస్తువు ఎప్పుడూ మంచిదే అనుకునే మా బావమరిదికి ఈ మాట మింగుడు పడటానికి రెండు వారాలు పట్టింది.

నాలుగో ఆదివారం. పోటు ఎక్కుతోంది. ఎండ ఇంకా పదును పట్టలేదు, సన్నగా గాలి, నీటి మీద సన్నటి ముడతలు. అద్దంలా ఉండే నీళ్లకంటే ఇదే మంచిది, మనం కనపడం. మడ చెట్ల నీడ అంచున బొమ్మ పడేలా వేశాను. పడగానే కొస ఆడించబోతే మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు."

"కదపాలి మామా."

"ఇప్పుడే పడింది కదేటి. సేప బెదిరుంటాది. ఆ సుట్లు సెరిగిపోనీ."

బొమ్మ చుట్టూ లేచిన వలయాలు ఒకటొకటిగా పెద్దవై చెరిగిపోయాయి. అప్పుడు దారం కాస్త వదులుగా ఉంచి కర్ర కొసని రెండుసార్లు చిన్నగా తట్టాను. బొమ్మ ముక్కు ఎడమకి, కుడికి తిరిగింది. దారం బిగిసి ఉంటే ఇది కుదరదు, బొమ్మ తిన్నగా ఈడ్చుకొస్తుంది. తట్టి, వదులు ఇచ్చి, తట్టి, వదులు ఇచ్చి. రెండు మూరలు నడిపి ఆపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బొమ్మ వెనక నీళ్లు ఉబ్బాయి. చేతులు ఆగవు చూడండి, నేను తట్టేశాను. ఉబ్బు ఆగిపోయింది. మామ నోట్లో ఏదో తిట్టు గొణిగాడు. మళ్లీ ఆపాను. ఈసారి ఊపిరి కూడా. చప్పుడు ఎలా ఉంటుందంటే, బావిలో చిన్న రాయి పడ్డట్టు, "గుళుక్". బొమ్మ మాయం కాలేదు. పక్కకి తోసేసి వెళ్లిపోయింది. నేను కర్ర ఎత్తి గట్టిగా లాగాను. బొమ్మ గాల్లో లేచి వచ్చి బావమరిది చొక్కా భుజానికి రెండు గేలాలతో దిగింది. చొక్కా పోయింది, మనిషి బతికాడు. అప్పట్నుంచి ముగ్గురం కళ్లద్దాలు పెట్టుకునే వెళ్తున్నాం. మీరూ పెట్టుకోండి, ఇందులో వాదన లేదు.

ఆ రోజు నేర్చుకున్నదే ఇప్పటికీ నా మొత్తం విద్య. బ్రీమ్ మొదటి దెబ్బకి మింగదు. తోసి చూస్తుంది, తప్పుతుంది, మళ్లీ వస్తుంది. చప్పుడు విని లాగకూడదు. చేతికి బరువు తగిలాకే కర్ర నిదానంగా ఎత్తాలి. లాగకుండా ఉంటే బొమ్మ అక్కడే ఉంటుంది, చేప తిరిగొస్తుంది. వైటింగ్ అనే ఇసుక చేప ఉంది, దానికి సరిగ్గా ఇది తలకిందులు. పారిపోయే బొమ్మ వెంటే పడుతుంది, ఆపితే వదిలేస్తుంది. బ్రీమ్‌కి ఆగిందే కావాలి. పది వీడియోల్లోనూ ఈ మాట చెబుతారు. వినడం వేరు, చేతులు వినడం వేరు. నా చేతులకి చెప్పింది చేతి గేలం మామే. ఆయన వేటలో సగం ఆగడమే కాబట్టి ఆయనకి ఇది కొత్త కాదు.

గంట తర్వాత అదే మేట మీద ఒకటి పడింది. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, నాలుగొందల గ్రాములు ఉండొచ్చు. అంత చేప ఆ సన్న దారం మీద తిన్నగా ఆల్చిప్పల రాళ్లకేసి పరిగెత్తింది. రీలు బ్రేకుని షాపులో స్ప్రింగు త్రాసుతో ముందే మూడు పావుల కిలోకి పెట్టుకున్నాను, మూడు కిలోల లీడర్‌కి నాలుగో వంతు. చేప అంతకంటే గట్టిగా లాగితే రీలు దారం వదులుతుంది. చాలామంది దీన్ని చేత్తో లాగి ఉజ్జాయింపుగా పెడతారు. త్రాసు పెట్టి చూడండి, మీ ఉజ్జాయింపు ఎంత తప్పో తెలుస్తుంది. చేప నోరు విప్పితే వెనక గేలం ముళ్లలో ఒకటి నలిగి చదునైపోయి ఉంది. ఆల్చిప్పలు నమిలే దవడ కదా.

పడ్డ చేప ఎంత పెద్దదైతే అంత సంబరం మనకి. దీని విషయంలో ఆ సంబరం కాస్త ఆలోచించుకోవాలి. అకాంతోపాగ్రస్ చేపల్లో చాలావాటికి ఒక తమాషా ఉంది, ముందు మగగా పెద్దవై, ఇంకా పెరిగాక ఆడవవుతాయి. పెద్ద చేపల్లో ఆడవే ఎక్కువ, గుడ్లు పెట్టేవి అవే. ఇది చెబితే మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మొగోడిగా పుట్టి అత్తగారైపోతాదన్నమాట!" ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో 25 సెంటీమీటర్ల కంటే చిన్నది ఉంచుకోకూడదని చట్టం, మనిషికి రోజుకి పదికి మించకూడదు. నేను నా మటుకు చిన్నవీ వదిలేస్తాను, ముప్పై దాటినవీ వదిలేస్తాను, మధ్యవి పులుసుకి. మామ దేన్నీ వదలడు. ఆయనకి అది సరదా కాదు, పొయ్యి మీదికి. ఆయనకి నీతులు చెప్పే మొహం నాకు లేదు.

ఆయన ఎర గురించి నిజం ఒకటి ఒప్పుకోవాలి. పచ్చి రొయ్యకి పడ్డన్ని చేపలు నా బొమ్మకి పడవు. ఏ వారం లెక్క చూసినా ఆయనదే పైచేయి. ఎరకి చిన్న చేపలు గేలాన్ని గొంతుదాకా మింగేస్తాయి, గేలం పీకి వదిలితే చాలావరకు బతకవు. బొమ్మకి పెదవి దగ్గరే తగులుతుంది, వదిలితే పోతాయి. నా వైపు చెప్పుకోడానికి గట్టి మాట ఇదొక్కటే. అదైనా ఆరు ముళ్లున్న బొమ్మ మొహమంతా చీరకుండా ఉంటేనే. ముళ్ల వెనక కొక్కేలని కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేసేశాను, అప్పట్నుంచి చేపని విడిపించడం చిటికెలో పని. చొక్కాలకీ మంచిది.

ఇక రంగుల గొడవ. బావమరిదికి పదకొండు రంగులు కావాలి. నాకు రెండు చాలు, ఒకటి గాజులా పారదర్శకంగా ఉండేది, ఒకటి ముదురుది. కింద నుంచి పైకి చూసే చేపకి ఆకాశం వెలుతురులో బొమ్మ నీడలాగే కనిపిస్తుంది. ఆ నీడకి చిలకపచ్చేమిటి, గులాబీ ఏమిటి? ఈ మాట మీద ఇంట్లో రెండు భోజనాలు పాడయ్యాయి.

వానాకాలం ఈ వేట మానుకోండి. జూలై నుంచి బాహుదా ఎర్రమట్టి మోసుకొస్తుంది, నీళ్లు టీ రంగులోకి తిరుగుతాయి, మూరెడు కిందున్న చేపకి పైన ఏముందో కనపడదు. దీపావళి దాటి నీళ్లు తేరుకున్నాక మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా చూసుకోండి. అమావాస్య, పున్నమి దగ్గర పోటు పెద్దది, మేటల మీదికి నీళ్లు బాగా ఎక్కుతాయి. పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, క్యాలెండరులో తిథి చూసి లెక్క వేసుకోవచ్చు.

పోయిన నెల మామ తన చేతి గేలం దారం షాపుకి పట్టుకొచ్చాడు. "నాది ఎంత గేజీయో సూడరా." ఒంటిపోగు నైలాన్ కాబట్టి మైక్రోమీటరే పెట్టాను. 0.45. మా లెక్కలో 26 గేజీ, పాత వాటర్ పంపు మోటారుకి చుట్టేది. "సూసావా, పంపు నడిపిత్తాది" అన్నాడు. తర్వాత డబ్బాలోంచి ఒక బొమ్మ ఏరుకున్నాడు. పారదర్శకంది, పన్నెండొందలది. ఆదివారం దాన్ని ఆ 26 గేజీ దారానికి కట్టి, తలచుట్టూ రెండు తిప్పులు తిప్పి, చేత్తోనే మడ చెట్ల కిందికి విసిరాడు. నా కర్రకంటే దూరం పోలేదు గానీ సిగ్గుపడేంత దగ్గర కూడా పడలేదు. వలయాలు చెరిగేదాకా బీడీ వెలిగించుకున్నాడు. వేలితో దారాన్ని ఒకసారి తట్టాడు. ఆపాడు.

నీళ్లు పగిలిన చప్పుడికి కొంగ లేచిపోయింది. మామ చెయ్యి భుజందాకా ముందుకి పోయింది, దారం అరచేతిని కోసుకుంటూ పరిగెత్తింది, ఆయన బిగించి పట్టాడు. ఒక్క క్షణం. తర్వాత దారం వదులైపోయింది. లాగి చూస్తే కొసన బొమ్మ లేదు. దారానికి కట్టిన చిన్న ఉక్కు రింగు మాత్రం ఉంది, చుట్టలు విచ్చుకుని పిన్నీసులా సాగిపోయి.

మెత్తటి కర్ర ఉంటే ఆ కుదుపు కర్ర మింగేది, రింగు సాగేది కాదు అన్నాను.

మామ ఆ రింగుని నా అరచేతిలో పెట్టాడు. "నా దారం తెగిందేటి? సూడు. నీ ఇనుమే సాగింది."